బాసర దారిలో చిట్టెం రాయి

నిర్మల్ నుంచి 61వ నంబరు జాతీయ రహదారి మీద పడమరగా పోతుంటే కళ్లముందే నేల రంగు మారుతుంది. ఊరి చుట్టుపక్కల ఎర్రమట్టి, గ్రానైటు బండలు. దిలావర్‌పూర్, నర్సాపూర్ దాటాక ఎరుపు పలచబడుతుంది. భైంసా వచ్చేసరికి రోడ్డుకు రెండు దిక్కులా నల్లరేగడి, పత్తి చేన్లు, పొలిమేరలో జిన్నింగు మిల్లులు. పిల్లలతో నిండిన ఆర్టీసీ అద్దె బస్సులో సైన్స్ మేడం లేచి నిలబడి, సీటు కడ్డీ పట్టుకుని, "కిటికీలకెల్లి బయటికి చూడుండ్రి. మట్టి ఏడ మారిందో చెప్పినోళ్లకే బిస్కెట్ పుడ" అన్నది. అప్పటిదాకా పాటలు పాడుతున్న బస్సు ఒక్కసారిగా అద్దాలకు అతుక్కుపోయింది.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పిల్లలు వాళ్లు. ఎనిమిది, తొమ్మిది తరగతులు. బాసర ట్రిపుల్ ఐటీ చూడటానికి పోతున్నారు. ఆ మేడం మా పక్కింటివారే. పర్మిషన్ కోసం ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, బస్సు మాట్లాడి అన్నీ తానే చూసుకున్నది. "మీరు గూడా రాండ్రి సార్, పిల్లలేం అడుగుతరో వినుండ్రి" అని పిలిస్తే నేనూ ఎక్కాను.

ప్రభుత్వ బడి పిల్లల్ని దగ్గర్లోని విశ్వవిద్యాలయాలకు, ప్రయోగశాలలకు తీసుకుపోవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 2015 జూలై 9న అబ్దుల్ కలాం ప్రారంభించిన రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌లో ఈ మాట ఉంది. టీచర్లు ఇలాంటి ప్రయాణాన్ని ఎక్స్‌పోజర్ విజిట్ అంటారు. చాలాచోట్ల అది వరసలో నడిచి, అద్దాల వెనక యంత్రాలు చూసి, గేటు ముందు గ్రూపు ఫోటో దిగి రావడంతో అయిపోతుంది. మేడం ఒక్క షరతు పెట్టింది. పిల్లలు ఉత్తచేతులతో రావద్దు. తమ ఊళ్లో తమకు అర్థం కాని వస్తువు ఏదైనా ఒకటి సంచిలో తెచ్చుకోవాలి. ఆ షరతు వల్లే ఈ ప్రయాణం గురించి రాయాలనిపించింది.

మట్టి సంగతికి వస్తాను. నిర్మల్ చుట్టూ ఉన్న గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భైంసా నల్లమట్టికి తల్లి అయిన బసాల్టు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. పడమటి దిక్కున నేల పగిలి లావా పొరలు పొరలుగా పారి దక్కను మీద పరచుకుంది. ఆ లావా పీఠానికి తూర్పు అంచు మన జిల్లాలోనే ఉంది. అంటే గంటసేపు బస్సులో కూర్చుంటే దాదాపు 240 కోట్ల ఏళ్లు దాటినట్టు. "మేడం, అంటే మా పత్తి లావా మీద పండుతున్నదా?" అని భైంసా దగ్గరి పల్లె పిల్ల అడిగింది. అరిగి మట్టయిన లావా మీద, అన్నది మేడం. ఆ పిల్ల చాలాసేపు బయటికే చూస్తూ కూర్చుంది.

ఈ అంచును తొలినాళ్లలో చదివినవాళ్లు బయటి నుంచి వచ్చారు. మద్రాసు సైన్యంలో డాక్టరు మాల్కంసన్ 1830లలో నిర్మల్ గుట్టల మీదుగా ఉత్తరాదికి పోతూ లావా పొరల మధ్య చిక్కుకున్న మంచినీటి నత్తల శిలాజాలను గమనించి రాసిపెట్టాడు. లావా పారడం మధ్యమధ్యలో ఆగేదని, ఆ విరామాల్లో చెరువులు నిండేవని, వాటిలో నత్తలు బతికేవని ఆ గుల్లలు చెప్పాయి. ఇంకా తూర్పుకు పోతే, పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికిన ఎముకలు జురాసిక్ కాలపు డైనోసారువి. 1988లో యాదగిరి అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ ఊరి పేరు మోస్తున్న ఆ జంతువు అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉంది. బస్సులో ఈ మాట చెబితే డైనోసారంటే సినిమాలో ఉండేదనుకుంటున్న పిల్లలు ముందు నమ్మలేదు.

ముథోల్ దాటి బాసర చేరాం. క్యాంపస్‌కు పోకముందు పిల్లలు గుడికి పోదామని పట్టుబట్టారు. వాళ్లలో చాలామందికి అక్షరాభ్యాసం అయింది ఇక్కడే. పలక మీద ఓనమాలు దిద్దిన ఫోటో ఇంట్లో ఉందని ఒకడు చెబితే, నాది కూడా, నాది కూడా అని మిగతావాళ్లు అందుకున్నారు. అమ్మవారి దర్శనం తొందరగానే అయింది. అసలు ఆలస్యం వేదవతి శిల దగ్గర జరిగింది. ధనపు గుండు అని కూడా అంటారు. రాయితో తట్టితే ఒక్కో చోట ఒక్కో రకంగా మోగుతుంది. లోపల సీతమ్మవారి నగలున్నాయని పెద్దలు చెబుతారు. పిల్లలు చుట్టూ మూగి తట్టడం మొదలుపెట్టారు. ఒకచోట గంట మోగినట్టు, ఇంకోచోట మొద్దుగా. కథను ఎవరూ కాదనలేదు. కాని తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు ఫోన్ తీసి, మోత ఎన్ని హెర్ట్జులో కొలుద్దామన్నాడు. జర్మనీలో ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇస్తున్న ఫైఫాక్స్ అనే యాప్ ఉంది. ఫోన్‌లోని మైకుతో శబ్దపు పౌనఃపున్యం చెబుతుంది. మేడం వాళ్లకు అది ముందే నేర్పింది. నాలుగు చోట్ల తట్టి, నాలుగు అంకెలు నోట్‌బుక్కులో రాసుకుని బస్సెక్కారు. భక్తికి, కొలతకు మధ్య తగవు పెట్టేవాళ్లు ఆ పిల్లల్ని ఆ పది నిమిషాలు చూసి ఉంటే బాగుండేది.

క్యాంపస్‌లో ఫిజిక్స్ ల్యాబులో మొదటి ప్రశ్న అదే అయింది. "సార్, గీ గుండు గట్లెందుకు మోగుతది?" అక్కడి అధ్యాపకుడు బోర్డు వైపు పోకుండా శ్రుతిదండం తీసి రబ్బరు మీద కొట్టి, బల్లకు ఆనించి, మళ్లీ చేత్తో పట్టుకుని చూపించాడు. ఏ వస్తువైనా దాని పరిమాణం, గట్టిదనం, అది నేలను ఎక్కడ ఆనుకుని ఉన్నదీ - వీటిని బట్టి తనదైన వేగంతో కంపిస్తుంది. పెద్ద బండ కొద్ది చోట్లే నేలను తాకుతుంటే స్వేచ్ఛగా ఊగుతుంది, లోపల పగుళ్లుంటే ఊగడం చచ్చిపోతుంది, మందం మారితే స్వరం మారుతుంది. ఇదంతా చెప్పి, "మీరు నాలుగు చోట్లే కొలిచిండ్రు. నలభై చోట్ల కొలిచి బండ బొమ్మ గీసి పెడితే, పగులు ఎటుందో మనమే చెప్పొచ్చు. కొలుస్తరా?" అన్నాడు. ఆ "మనమే" అన్న మాటకు వెనక వరసలో ఉన్న పిల్లలు ముందుకు జరిగారు. పెద్ద చదువుల వాళ్లు చిన్నపిల్లలకు జవాబు చెప్పడం తేలికే, పని పంచి ఇవ్వడం అరుదు.

మధ్యాహ్నం ముందు మెటలర్జీ ల్యాబు. నా మట్టుకు ఆ రోజంతా అక్కడే ఉంది.

ఒక పిల్లవాడి అమ్మమ్మగారి ఊరు మామడ మండలంలోని దిమ్మదుర్తి. వాడు అక్కడి నుంచి చేతికి పట్టేటంత నల్లటి రాయి తెచ్చాడు. పైన ఒకవైపు నున్నగా జారినట్టు, ఇంకోవైపు బొక్కలు బొక్కలుగా. రాయిలా లేదు, ఇనుములా లేదు. ఊళ్లో దాన్ని చిట్టెం అంటారని, పొలం దున్నుతుంటే ఎప్పుడూ పైకి వస్తుందని చెప్పాడు. బీటెక్ చదువుతున్న అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకోగానే "ఇది ఏడిదిరా?" అని అడిగిన తీరులోనే ఆమెకు దాని విలువ తెలుసని అర్థమైంది.

అయస్కాంతం పెడితే కొన్నిచోట్ల లాగింది. "అక్కా, ఇంట్ల ఇనుమున్నది గదా. మరి మా తాతలు ఎందుకు పారేసిండ్రు?" అని వాడి ప్రశ్న. ఆ అమ్మాయి చెప్పిన జవాబు ఇక్కడ రాసి పెట్టదగినది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. మట్టితో కట్టిన కొలిమిలో కట్టెబొగ్గుతో, తిత్తులతో వచ్చే వేడి సుమారు 1200. అంత వేడికి ఇనుము కరగదు, ముద్దగా మిగులుతుంది. ఖనిజంలోని ఇసుక, మట్టి కరిగి బయటికి పారాలి. కాని ఇసుక కూడా ఒంటరిగా ఆ వేడికి కరగదు. కొంత ఇనుము దానితో కలిస్తేనే కరుగుతుంది. అలా కరిగి పారి గడ్డకట్టిందే ఈ చిట్టెం. అందుకే కొంత ఇనుమును వదులుకుని మిగతాది శుభ్రం చేసుకున్నారు. "వాళ్లు పారేయలే. లెక్క తెలిసే ఇచ్చిండ్రు" అన్నది. ఆ పిల్లవాడి ముఖం చూడాల్సింది. తమ పొలంలో నాగలికి అడ్డం పడే రాయికి అంత తెలివి వెనక ఉందని వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

దిమ్మదుర్తి పేరు దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే అచ్చులోకి ఎక్కిన పేరు. భారతదేశాన్ని కొలుచుకుంటూ వచ్చిన లాంబ్టన్ సర్వే బృందంలో డాక్టరుగా, భూవిజ్ఞానిగా ఉన్న హెన్రీ వాయిసీ గోదావరి కిరువైపులా తిరిగి, ఇక్కడి ఇనుప ఖనిజం గురించీ, నదికి దక్షిణాన ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో ఉన్న కోనసముద్రం ఉక్కు గురించీ రాశాడు. కోనసముద్రంలో రెండు రకాల ఇనుము కలిపి, మట్టి మూసల్లో పెట్టి మూతవేసి, ఒక పగలూ రాత్రీ తిత్తులు ఊదేవారు. కర్బనం చేరేకొద్దీ ఇనుము కరిగే వేడి దిగుతుంది. మామూలుగా కరగని లోహం మూసలో కరిగి బిళ్ల కడుతుంది. తీయగానే అది పెళుసుగా ఉంటుంది. దానికి మట్టి పూసి మళ్లీ పన్నెండు, పదహారు గంటలు కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చి, సుత్తికి లొంగేదాకా ఓపిక పట్టేవారు. దాన్ని కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు వచ్చి కూర్చుని ఉండగా వాయిసీ చూశాడు. తమ దేశంలో ఇలాంటిది చేయబోయి చేతకాలేదని ఆ వర్తకుడే చెప్పాడట. వాయిసీ 1824లో చనిపోయాడు. ఆయన రాసింది 1832లో అచ్చయింది.

ఆ ఉక్కుతో సాగగొట్టినవే డమాస్కస్ కత్తులు. 2006లో జర్మనీ డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి పాత కత్తి ముక్క ఒకదానిలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని ప్రకటించారు. 2010లో బెంగళూరులోని నియాస్ పరిశోధన సంస్థ నుంచి శారదా శ్రీనివాసన్, ఇంగ్లండ్ ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి గిల్ జూలెఫ్ బృందాలు ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి చిట్టెం దిబ్బలను నమోదు చేశాయి. మన చరిత్రకారుడు ఎస్. జైకిషన్ అంతకుముందు నుంచే ఈ జిల్లాల కొలిముల వెంట నడిచారు. ఇంత పని జరిగింది. కాని ఆ దిబ్బల పక్కనే బడికి పోతున్న పిల్లవాడికి చేరలేదు. నాకు కష్టంగా తోచేది ఇదే. మన పుస్తకాల్లో ఉక్కు అనగానే జంషెడ్‌పూర్, భిలాయ్, విశాఖపట్నం. మామడ మండలం ఎందుకు రాకూడదు?

ఇంకో పిల్ల కమ్మరి ఇంటి నుంచి విరిగిన కొడవలి ముక్క తెచ్చింది. లారీ కమాన్ పట్టీ కొట్టి చేసింది. దాన్ని గరుకు కాగితం మీద వరసగా రుద్ది, అద్దంలా మెరిపించి, ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం చుక్క వేసి, కడిగి మైక్రోస్కోపు కింద పెట్టారు. రుద్దే పని పిల్లలే చేశారు. వేళ్లు నల్లబడ్డాయి. లోపల తెల్లటి గింజలు, సన్నటి చారలున్న గింజలు పక్కపక్కన. చారలున్న భాగంలో కర్బనం ఉంటుందని, ఇది ఎక్కువైతే పదును నిలుస్తుందని, మరీ ఎక్కువైతే విరుగుతుందని చెప్పారు. "మా నాయన ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచుతడు. అప్పుడేమైతది?" అని ఆ పిల్ల అడిగితే ల్యాబు అసిస్టెంటు లేచి చిన్న కొలిమి వెలిగించాడు. ఒకే ముక్కను రెండు చేసి, ఒకటి గాలికి వదిలి, ఒకటి నీళ్లలో ముంచి, రెంటి మీదా ఆకురాయి పెట్టించాడు. నీళ్లలో ముంచిన దాని మీద ఆకురాయి జారిపోయింది. చారలు కట్టుకునే వ్యవధి లేక లోపలి అమరిక ఇంకో రకంగా బిగుసుకుపోతుందని అప్పుడు చెప్పాడు. తండ్రి రోజూ చేసే పనికి యూనివర్సిటీలో పాఠం ఉందని తెలిసిన పిల్ల ఆ సాయంత్రం ఇంటికి పోయి ఏం చెప్పి ఉంటుందో నేను ఊహించుకోగలను.

బొమ్మలు చేసే నకాషీల ఇంటి పిల్లవాడు పొనికి కర్ర ముక్క తెచ్చాడు. నిర్మల్ బొమ్మలు చేసేది ఆ చెట్టుతోనే. స్ప్రింగ్ త్రాసు, కొలజాడీ ఇచ్చి సాంద్రత వాణ్నే కనుక్కోమన్నారు. నీళ్లలో వేస్తే ముక్క చాలావరకు పైకే తేలింది. బొమ్మ అతుకులకు వాడే చింతగింజల లప్పం ఎందుకంత గట్టిగా పట్టుకుంటుందన్నది రెండో ప్రశ్న. గింజలో పొడుగాటి చక్కెర గొలుసులుంటాయి, నీళ్లలో ఉడికిస్తే విప్పుకుంటాయి, ఆరితే రంపపు పొట్టుతో కలిసి పెనవేసుకుంటాయి. చిన్న జవాబే కాని వాడికి చాలు.

భోజనాల దగ్గర సీనియర్ల చుట్టూ మూగారు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఒకేసారి మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (అందరూ ట్రిపుల్ ఐటీ అనేది దీన్నే) పదో తరగతి కాగానే పల్లె పిల్లల్ని తీసుకుని ఆరేళ్లు చదివిస్తుంది. దాని తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మాట్లాడితే వినే కంప్యూటర్ల మీద పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆసియా మూలాలున్నవాళ్లలో ఆ అవార్డు అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. సర్కారు బడిలో చదివినవాళ్లకు గ్రేడ్ల కాలంలో 0.4 పాయింట్లు కలిపేవారు. ఆ కొద్దిపాటి కలుపుడు ఎన్ని ఇళ్ల తలుపు తీసిందో అక్కడ కంచాల ముందు కూర్చున్న పిల్లల మాటతీరు వింటే తెలుస్తుంది. జగిత్యాల యాస, ఖానాపూర్ యాస, మెదక్ యాస. అందుకే మా పిల్లలు జంకకుండా అడిగారు. "అక్కా, హాస్టల్ల ఉంటనంటే ఇంట్ల ఎట్ల ఒప్పుకున్నరు?" "మా నాయన ఒప్పుకోలే. మా లెక్కల సారు మూడుసార్లు ఇంటికొచ్చిండు" అన్నది ఆ మెటలర్జీ అమ్మాయి. 2022 జూన్‌లో ఇక్కడి విద్యార్థులు తమ ఇబ్బందుల మీద వానలో, ఎండలో వారం రోజులు శాంతంగా కూర్చున్నది ఒక పిల్లవాడు ఫోన్లో చూశాడట. అదీ అడిగాడు. సీనియర్లు దాచకుండా చెప్పారు. మంచిది. చేరబోయే చోటు గురించి పిల్లలకు అంతా తెలియాలి.

తిన్నాక చెట్టు కింద ఇంకో ఆట. ఫోన్ మ్యాపు తెరిచి రేఖాంశం చూడమన్నారు. 78కి కొద్దిగా తక్కువ. 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి లాంబ్టన్, ఆయన తరవాత ఎవరెస్టు భారతదేశం నడుమ కొలుచుకుంటూ పోయిన మహాచాపం నడిచింది ఈ 78వ రేఖాంశం వెంటే. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్ దగ్గర కన్నుమూశాడు. వాయిసీ ఈ నేలకు వచ్చింది ఆయన వెంటే. పొద్దున నత్తల కథ, ఇప్పుడు ఈ గీత. ఈ జిల్లాను దూరం వాళ్లు వచ్చి చదివి పోయారన్నది పిల్లలకు అప్పటికి బాగా పట్టింది. "మరి మనోళ్లు?" అని ఒకరు అడిగారు. మేడం ఏమీ అనకుండా వాళ్ల చేతుల్లోని నోట్‌బుక్కుల వైపు చూపించింది.

చివరగా కెమిస్ట్రీ ల్యాబు. దిలావర్‌పూర్ వైపు నుంచి వచ్చే పిల్ల సీసాలో బోరు నీళ్లు తెచ్చింది. 2024 నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని అక్కడి ఊళ్ల వాళ్లు మేం వచ్చిన ఇదే రోడ్డు మీద కూర్చున్నారు. నీళ్లు, గాలి పాడవుతాయన్న భయం అది. ఇంట్లో పెద్దలు మాట్లాడుకుంటుంటే విన్నది కాబట్టి ఆ పిల్లకు తన నీళ్లలో ఏముందో తెలుసుకోవాలనిపించింది. కఠినత, కరిగిన లవణాలు, ఫ్లోరైడు చూశారు. ఫ్లోరైడుకు మన ప్రమాణాల్లో హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనప్పుడు మాత్రమే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ పిల్ల అంకెలు రాసుకుని, తేదీ వేసి, "ఇయ్యాల ఎట్లున్నయో రాసిపెట్టుకుంటే రేపు మారితే చూపియ్యొచ్చు గదా సార్?" అన్నది. పర్యావరణ శాస్త్రంలో ఏ పనైనా అక్కడి నుంచే మొదలవుతుంది. పిల్ల తనకు తానుగా అక్కడికి వచ్చింది. ప్రతి నెలా అదే బోరు నీళ్లు పంపమని, పరీక్ష చేసి చెబుతామని అధ్యాపకురాలు మాట ఇచ్చింది. ఈ మాట నిలబడాలంటే బడికి, విశ్వవిద్యాలయానికి మధ్య నెలకోసారి సీసాలు మోసే బస్సు ఒకటి ఉంటే చాలు. కోట్లు అక్కర్లేదు. విద్యాశాఖ ఏడాదికొక్క విజిట్ లెక్క రాసుకోవడం మాని, ఇలాంటి పని ఎన్ని బళ్లలో సాగుతున్నదో అడగాలి.

తిరుగుప్రయాణంలో పాటలు లేవు. చిట్టెం పిల్లవాడి చుట్టూ గుంపు. తమ ఊళ్లలో కూడా నల్ల దిబ్బలున్నాయని ఒక్కొక్కరే చెబుతున్నారు. రేపే తవ్వి తెస్తామని ఒకరిద్దరు లేచారు. మేడం ఆపింది. దిబ్బ నుంచి రాయి తీస్తే అది ఎక్కడిదన్న ఆధారం పోతుంది, ముందు చోటు గుర్తించాలి, ఫోటో తీయాలి, కొలవాలి, రైతును అడగాలి, ఆ తరవాతే పై నుంచి ఒక్క ముక్క. ఎవరు ఏ ఊరికి పోవాలో నోట్‌బుక్కులో గీతలు గీసి పంచుకున్నారు. భైంసా దాటి మట్టి మళ్లీ ఎర్రబడుతుండగా వెనక సీట్లోంచి ఒక పిల్ల గట్టిగా అరిచింది:

"మేడం, ముందుగాల మా ఊరికే పోదాం. మా చిన్నాయన గీ వారంల దిబ్బను చదును చేసి పత్తి పెడ్తనంటున్నడు!"